ఉబ్బసం పంపు చేతిలో పెట్టారు, పీల్చడం ఎవరు నేర్పుతారు?

సంపాదకులు గారికి నమస్కారం.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో 31 ఏళ్లు గుమాస్తాగా చేసి మానుకున్నాను. సీజన్‌లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతుంటే ఆ ఘాటుకి కొత్తవాళ్లు గేటు దగ్గరే తుమ్ములు మొదలుపెడతారు. మేం ముక్కుకి కండువా చుట్టుకుని, దగ్గుకుంటూనే కాటా చీటీలు రాసేవాళ్లం. ఎవరికైనా పొలమారితే "నిన్నెవరో తలుచుకుంటున్నార్రా" అని నవ్వుకోవడమే తప్ప, లోపల ఏం జరుగుతోందని అడిగినవాడు లేడు.

నాకు 45వ ఏట ఉబ్బసం పట్టుకుంది. తెల్లవారుజామున మూడింటికి పిల్లికూతలు, మంచం మీద కూర్చుని తెల్లారబెట్టడం. ఒక ఏడాది మృగశిర కార్తెకి హైదరాబాద్ రైలెక్కి చేపమందు కూడా మింగి వచ్చాను. కొరమీను పిల్ల గొంతులో జారింది గానీ, అది వెళ్లింది అన్నం వెళ్లే దారిన. నా జబ్బున్నది గాలి వెళ్లే దారిలో. ఈ ముక్క అప్పుడు తట్టలేదు.

తర్వాత డాక్టరు గారు పంపు, అదే మందు పీల్చే ఇన్‌హేలర్, రాశారు. మందుల షాపతను డబ్బా కవర్లో వేసి చిల్లర చేతిలో పెట్టాడు, అంతే. ఏడేళ్ల పాటు నేను దాన్ని నోట్లో పెట్టుకుని టప్పున నొక్కి, ఆ తర్వాత తీరిగ్గా ఊపిరి పీల్చేవాణ్ని. పోయినేడు ఇంకో డాక్టరు దగ్గర నర్సమ్మ "ఏదీ బాబాయ్ గారూ, ఒకసారి కొట్టి చూపించండి" అంది. కొట్టాను. పెదాల పక్క నుంచి తెల్లగా పొగలా బయటికొచ్చింది. "మందంతా మా గదికి కొట్టేశారు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఏడేళ్ల డబ్బాల ఖర్చు మనసులో కూడుకుంటున్నాను, గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఇంటికొచ్చి, బి.ఫార్మసీ చదువుతున్న మా మనవరాల్ని కూర్చోబెట్టి అడిగాను. అది చెప్పింది నా మాటల్లో రాస్తున్నాను.

మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. గాలితో పాటు వచ్చే రేణువు 5 మైక్రాన్లు దాటితే చాలావరకు ముక్కులోనో గొంతులోనో తగులుకుంటుంది. 1 నుంచి 5 మధ్య ఉన్నవి లోపలి గొట్టాల దాకా పోతాయి. మన వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది, పోల్చుకోండి. పంపులోంచి మందు దూసుకొస్తుంది. ఊపిరి నెమ్మదిగా లోపలికి లాగుతూ నొక్కితేనే అది గొంతు మలుపు తిరిగి కిందికి దిగుతుంది. సరిగ్గా కొట్టినా ఊపిరితిత్తులకి చేరేది పదో వంతు నుంచి ఐదో వంతు. నాలాగా కొడితే ఇక చెప్పేదేముంది.

అక్కడికి చేరినా పని అయిపోలేదు. గొట్టాల లోపలి పొర మీద పల్చటి జిగురు ఉంటుంది. సన్నటి నూగులాంటివి ఆ జిగురుని ఎప్పుడూ పైకి నెడుతుంటాయి. మందు అందులో కరిగి, గోనె కుట్టినట్టు అతుక్కుని ఉన్న కణాల వరసని దాటాలి. కణం గోడ కొవ్వుతో కట్టింది కాబట్టి కొవ్వులో కరిగేవి ప్రహరీ దూకినట్టు దూకేస్తాయి. మిరప ఘాటు ఆ జాతిదే. కారం నసాళానికి అంటితే నీళ్లకి తగ్గనిది పెరుగన్నానికి తగ్గడం అందుకే. లోపలున్న నరాల కొసలు, వేడిని పసిగట్టేవి, ఆ ఘాటుని నిప్పే అనుకుంటాయి. ఆ సంగతి మిరప ఘాటుతోనే పట్టుకుని 1997లో బయటపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. మా యార్డులో తెలిసుంటే దండేసి సన్మానం చేసేవాళ్లం.

నా పంపులో ఉండే సాల్బుటమాల్ అనే మందు అలా దూకలేదు. అది నీళ్లలో కరిగే రకం. కొంత అతుకుల సందుల్లోంచి దూరుతుంది, కొంతని కణాల్లో ఉండే హమాలీ ప్రొటీన్లు మోసుకుపోతాయి. ఉబ్బసం వాళ్లకి ఆ అతుకులే వదులుగా ఉంటాయట. పరుపుల దుమ్ములో బతికే కంటికి కనబడని పురుగుల రెట్టలోని ఎంజైము ఆ కుట్లని కోసేస్తుందట. వాపు తగ్గించే రెండో పంపు, బుడెసొనైడ్, ఆ పొర కణాల్లోనే కొవ్వుతో జతకట్టి నిల్వ ఉండి, కొంచెం కొంచెంగా విడుదలవుతుంది. కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టి ధర చూసుకుని బయటికి తీసినట్టు! పొరపాటున మింగేసిన ఈ మందులో 90 శాతం దాకా కాలేయం మొదటి విడతలోనే పనికిరాకుండా చేస్తుంది. గొంతులో మిగిలితే మాత్రం తెల్లపూత వస్తుంది, నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలి. ఇదీ నాకెవరూ చెప్పలేదు.

మా దుకాణంలో పనిచేసిన హమాలీ మేస్త్రి ఒకాయన పంపు వద్దంటాడు. "అలవాటైపోద్దయ్యా, ఇక వదలదు" అంటాడు, బీడీ వెలిగించుకుంటూ. ఊపిరితిత్తుల అడుగున గాలికీ రక్తానికీ మధ్య పొర ఒక్క మైక్రాను కూడా ఉండదు. బీడీ నికోటిన్ దాన్ని దాటి 10, 20 సెకన్లలో మెదడుకెక్కుతుంది. వదలకుండా పట్టుకునేది అది. నేను ఆయనకి లెక్క వేసి చూపించాను. 4 మిల్లీగ్రాముల సాల్బుటమాల్ మాత్ర అంటే 4000 మైక్రోగ్రాములు, ఒళ్లంతా తిరిగి రావాలి. చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. పంపు ఒక నొక్కుకి 100. రెండు కొట్టినా మాత్రలో ఇరవయ్యో వంతు. ఆయన లెక్క ఒప్పుకున్నాడు, పంపు ఒప్పుకోలేదు.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. పంపు అమ్మే ప్రతి మందుల షాపులోనూ ఒక ఖాళీ డబ్బా పెట్టుకుని, కొన్నవాడి చేత ఒకసారి కొట్టించి చూడాలి. రెండు నిమిషాల పని. ముసలివాళ్లకీ పిల్లలకీ స్పేసర్ అనే గొట్టం అంటగట్టినా తప్పులేదు, నొక్కడం పీల్చడం ఒకేసారి కుదరనివాళ్లకి అదే దిక్కు. డాక్టర్లు వెళ్లిన ప్రతిసారీ "ఏదీ, చూపించు" అనాలి.

మీ జిల్లా పేజీలో రోజూ మిర్చి ధరల పట్టిక వేస్తారు కదా. తేజా ఎంత, 334 ఎంత, తాలు ఎంత అని యార్డంతా చదివేది అదే. దాని కింద ఒక్క వారం పాటు బొమ్మలతో వెయ్యండి: డబ్బా బాగా ఊపాలి, ఊపిరి పూర్తిగా వదిలెయ్యాలి, పెదాలు బిగించాలి, నెమ్మదిగా లాగుతూ నొక్కాలి, పది లెక్కపెట్టే దాకా బిగబట్టాలి. అక్షరాలు కాస్త పెద్దవి వెయ్యండి, మా మేస్త్రికి చత్వారం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ గుమాస్తా,
కొరిటెపాడు, గుంటూరు