మెడ పక్కన బిళ్ళ కడితే టీబీ అనే అనుకోవాలా?

సంపాదకులకు,

థైరాయిడ్ క్యాన్సర్ మీద ఆరోగ్య పేజీల్లో వచ్చే వ్యాసాలు గొంతు ముందు కనిపించే గడ్డ దగ్గర మొదలై అక్కడే ఆగిపోతున్నాయి. ఈ క్యాన్సర్లలో ఎక్కువ భాగం పాపిల్లరీ రకం. మెడలోని లింఫ్ గ్రంథులకు పాకే గుణం దానికి ఎక్కువ. థైరాయిడ్‌లో అసలు కణితి కొన్ని మిల్లీమీటర్లే ఉండి చేతికి తగలకపోవచ్చు, అది పాకిన గ్రంథి ఉబ్బి మెడ పక్కన బిళ్ళ మాత్రం నిమ్మకాయంత అవుతుంది. అలాంటి బిళ్ళతో పాతిక, ముప్ఫై ఏళ్ళవారు వస్తే మన దగ్గర ముందు తట్టేది టీబీయే. అలా అనుమానించడం తప్పు కాదు, ఇక్కడ టీబీ బిళ్ళలు నిజంగానే ఎక్కువ. రుజువు లేకుండా ఆరు నెలల మందులు మొదలుపెట్టడంతోనే చిక్కు.

బిళ్ళలోంచి సూదితో కణాలు తీసి చూసే పరీక్ష చేసినా కొన్నిసార్లు క్యాన్సర్ దొరకదు. అది పాకిన గ్రంథులు తరచు లోపల నీరు పట్టి ఉంటాయి. సూదికి ముదురు గోధుమ రంగు ద్రవం వస్తుంది గానీ అందులో కణాలు చాలినన్ని ఉండవు. రిపోర్టులో ‘సిస్ట్, క్యాన్సర్ కణాలు కనబడలేదు’ అని వస్తుంది. పుట్టుకతో వచ్చిన నీటిగడ్డే అనుకుని ఊరుకుంటారు. స్లైడ్లు వేశాక అదే సూదిని, సిరంజిని ఒక మిల్లీలీటరు సెలైన్‌తో కడిగి, ఆ నీటిని థైరోగ్లోబ్యులిన్ పరీక్షకు పంపాలి. అది థైరాయిడ్ కణాలు తయారుచేసే ప్రొటీన్, మెడ పక్క గ్రంథిలో దానికి పని లేదు. రక్తం కలిసి కాస్త కనిపించవచ్చు, క్యాన్సర్ పాకిన గ్రంథిలో తరచు వందలు, వేలల్లో ఉంటుంది. ఫారం మీద ‘సూది కడిగిన నీరు’ అని స్పష్టంగా రాయకపోతే ల్యాబ్ వాళ్ళు రక్తం నమూనా లెక్కలో చూస్తారు. ఆ పూటే మరోసారి సూది పెట్టి, టీబీ క్రిమి జన్యువును పట్టే సీబీనాట్ పరీక్షకూ పంపితే టీబీ సంగతీ తేలుతుంది.

టీబీ మందులు వాడుతుండగా బిళ్ళ పెరిగినంత మాత్రాన అది క్యాన్సర్ కాదు, నిజమైన టీబీలోనూ మధ్యలో వాపు పెరగడం ఉంది. కానీ మొదట్లో టీబీ రుజువే కాని రోగికి తగ్గకపోతే, మందు మార్చేముందు థైరాయిడ్‌తో కలిపి మెడ మొత్తానికి అల్ట్రాసౌండ్ చేయించాలి. గ్రంథిలో ఇసుక రేణువుల్లాంటి తెల్ల చుక్కలు, నీటి ఖాళీలు కనిపిస్తే అనుమానించాల్సిందే. రక్తంలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను నడిపే హార్మోన్) నార్మల్‌గా ఉందని ధైర్యపడకూడదు. ఈ క్యాన్సర్‌లో అది చాలామందికి నార్మల్‌గానే ఉంటుంది.

ఈ క్యాన్సర్‌కు ఇంకో వేషం ఉంది. గడ్డంటూ లేకుండా థైరాయిడ్ మొత్తం గట్టిపడి, రక్తంలో థైరాయిడ్ యాంటీబాడీలు పాజిటివ్ వచ్చి, అచ్చం హషిమోటో వ్యాధిలా (ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ మీద దాడి చేసే జబ్బు) కనిపించే రకం. ఎక్కువగా యువతుల్లో వస్తుంది. పిల్లల్లోనైతే క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకి, ఎక్స్‌రేలో వాటి నిండా చిన్న చుక్కలు కనిపించి, ఒళ్ళంతా చల్లుకునే మిలియరీ టీబీ అనిపించవచ్చు. జ్వరం లేదు, బిడ్డ హుషారుగా ఉన్నాడు అంటే మెడ తడిమి చూడాలి.

ఇక చికిత్స. నిర్ధారణ కోసమని ఆ ఒక్క బిళ్ళనే కోసి తీసేయడం మాకు ఎప్పటికీ మింగుడుపడని పని. తర్వాతి ఆపరేషన్‌లో పొరలు అతుక్కుపోయి ఉంటాయి, భుజం ఎత్తే నరం దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. థైరాయిడ్ మొత్తాన్ని, దాని చుట్టూ ఉన్న గ్రంథులను, పాకిన వైపు మెడ పక్క గ్రంథుల వరుసను ఒకే ఆపరేషన్‌లో తీయాలి. థైరాయిడ్‌ను ఆనుకుని కాల్షియాన్ని అదుపులో ఉంచే చిన్న గ్రంథులు, పారాథైరాయిడ్లు దెబ్బతింటే కాల్షియం పడిపోయి మూతి చుట్టూ, వేళ్ళలో తిమ్మిర్లు వస్తాయి, ఇంటికి పంపేముందే ఈ మాట చెప్పాలి.

మిగిలిన థైరాయిడ్ కణాలను చంపే రేడియోధార్మిక మందు, రేడియో అయోడిన్ అవసరమైతే, థైరాయిడ్ హార్మోనుకు బదులు వాడే థైరాక్సిన్ మాత్ర మూడు నాలుగు వారాలు ఆపి టీఎస్‌హెచ్ 30 దాటాక ఇస్తారు. ముందు ఒకటి రెండు వారాలు అయోడిన్ ఉప్పు, సముద్రపు చేపలు, రొయ్యలు, పాలు, గుడ్డు పచ్చసొన మానాలి. హోటల్ తిండి, కొన్న పచ్చళ్ళు కూడా ఆ ఉప్పువే. సీటీ స్కాన్‌కు అయోడిన్ ఉన్న కాంట్రాస్ట్ మందు ఎక్కించి ఉంటే ఒకటి రెండు నెలలు ఆగాలి, లేకపోతే మందు ఒంటికి పట్టదు. గర్భం లేదని పరీక్షతో తేల్చుకోకుండా ఇవ్వరాదు, తీసుకున్నాక ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి.

‘మెడకు పాకింది’ అనగానే ఇంటిల్లిపాదీ కుంగిపోతారు. 2018 నుంచి వాడుకలో ఉన్న క్యాన్సర్ దశల లెక్క ప్రకారం 55 ఏళ్ళలోపు వారికి మెడ గ్రంథుల వరకే పాకితే అది మొదటి దశే. రోగికి ఆ సంగతి ఆపరేషన్ తేదీ ఇచ్చేటప్పుడే చెప్పాలి.

— మెడ, గొంతు శస్త్రచికిత్స వైద్యులు, గుంటూరు