పక్క ఊయల పెద్దమ్మకి

బ్రెజిల్ ప్రయాణం నుంచి ఇంటికొచ్చి ఇది మూడో రోజు. నిద్ర ఇంకా దారిలో పడలేదు, బ్రెజిల్‌కీ మనకీ ఎనిమిదున్నర గంటల తేడా కదా, రాత్రి రెండింటికి కళ్లు టపీమని తెరుచుకుంటున్నాయి. అక్కడ మా ఆయనకి డెంగీ వచ్చింది, ఇప్పుడు పక్క గదిలో పడుకున్నారు. నిన్న చేయించిన రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు లక్షా నలభై వేలు. ఫోన్లు చేసి అడుగుతున్న అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇప్పుడు రాయకపోతే ఇంక రాయనని కూడా నాకు తెలుసు.

ముందు ఇంట్లోవాళ్ల సంగతి ఒక్క ముక్కలో. పిల్లలిద్దర్నీ అత్తయ్యగారు, మా వదిన చూసుకున్నారు, డబ్బు అన్నయ్య పంపాడు. వాళ్లకి థాంక్స్ చెబితే తిడతారు, అంచేత చెప్పట్లేదు.

నేను చెప్పాల్సింది ఒక పెద్దావిడకి. ఆవిడకి తెలుగు రాదు, నాకు పోర్చుగీసు రాదు. మేం బ్రెజిల్‌లో అమెజాన్ నది మీద, మనౌస్ ఊరి నుంచి సాంతారెం ఊరికి వెళ్లే పడవలో కలిశాం. ఆ వైపు ఊళ్ల మధ్య రోడ్లు చాలా తక్కువ, నదే రోడ్డు. మూడంతస్తుల పెద్ద పడవలు, మధ్య అంతస్తులో ఇనప కడ్డీలకి ఎవరి ఊయల వాళ్లు కట్టుకుని అందులోనే పడుకోవాలి. ఊయల పడవవాళ్లు ఇవ్వరు, మనమే కొనుక్కోవాలి. రేవు దగ్గర కొట్లలో దొరుకుతాయి, తాడు కూడా అడిగి తీసుకోండి, మేం తాడు మర్చిపోయి మళ్లీ వెనక్కి పరిగెత్తాం. ప్రవాహం వాలున వెళితే దాదాపు ముప్ఫై గంటల ప్రయాణం. మధ్యాహ్నం బయల్దేరాం. కాసేపటికే నల్లటి నీళ్ల రియో నెగ్రో, మట్టి రంగు సొలిమోయిస్ కలిసే చోటు వచ్చింది. ఆ రెండు నదులూ కిలోమీటర్ల తరబడి కలవకుండా పక్కపక్కనే నడుస్తాయి. అది చూడ్డానికే మేం ఆ పడవ ఎక్కింది. మా ఆయన మాత్రం ఊయలలోంచి లేవలేదు.

ముందురోజు రాత్రే ఒళ్లు వెచ్చగా ఉంది. ఎండ దెబ్బనుకున్నాం. పడవెక్కిన మూడు గంటలకి జ్వరం నూట మూడు, కళ్ల వెనక నొప్పి, కీళ్ల నొప్పులు. ఊరు దాటగానే ఫోన్ సిగ్నల్ పోయింది, డాక్టరు లేడు, చుట్టూ వందమంది ఉన్నా ఇంగ్లీషు ముక్క వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. నేను పర్సులోంచి నొప్పుల మాత్ర, ఇబుప్రొఫెన్, తీసి ఆయన నోట్లో వేయబోతుంటే పక్క ఊయలలోంచి ఒక చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. అరవై దాటిన మనిషి, పొట్టిగా, పూల గౌను. మాత్ర అట్ట లాక్కుని చదివి, తల అడ్డంగా ఊపి, "నావ్! దెంగీ! దెంగీ!" అంది. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ వేయకూడదు, రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది, పారాసిటమాలే వేయాలి. ఇది నాకు తెలియని సంగతి కాదు, మన ఊళ్లో ఏటా చూస్తున్నదే. కానీ ఆ క్షణాన బుర్ర పనిచెయ్యలేదు. ఆవిడ పట్టుకోకపోతే వేసేసేదాన్నే.

ఆ తర్వాత ఆవిడ నన్నొదల్లేదు. నేను కట్టిన ముడి చూసి నవ్వి ఊయల విప్పి మళ్లీ కట్టింది. ఎవరి దగ్గర్నుంచో కొబ్బరి నీళ్లు తెచ్చింది. రాత్రంతా తడిగుడ్డ మార్చడానికి వంతులు వేసుకున్నాం, ఇంజను మోతలో మాటలు ఎలాగూ వినపడవు, వేళ్లతో గంటలు చూపించుకుని నువ్వు పడుకో, నేను చూస్తా అని సైగలు. నన్ను "మీన్యా ఫీల్యా" అని పిలిచేది. నా కూతురా అని అర్థమట, తర్వాత తెలిసింది. నేను ఆవిణ్ని పెద్దమ్మా అన్నాను, ఏం అర్థమైందో గానీ పలికింది.

మర్నాడు రాత్రి ఏడింటికి సాంతారెం. మేం హోటల్‌కి వెళ్లి పొద్దున్నే డాక్టర్ని చూద్దామనుకున్నాం. ఆవిడ వినలేదు. ట్యాక్సీ ఆపి, మా సంచులు తనే ఎక్కించి, "ఊపా" అని డ్రైవరుకి చెప్పింది. ఊపా అంటే ప్రభుత్వ అత్యవసర వైద్య కేంద్రం, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది. అక్కడ ముందు నర్సు చూసి రోగం తీవ్రతని బట్టి చేతికి రంగు పట్టీ కడుతుంది, మా ఆయనకి పసుపు పట్టీ పడింది. తర్వాత బీపీ పట్టీ బిగించి కాసేపు ఉంచి, ముంజేతి మీద వచ్చిన ఎర్ర చుక్కలు లెక్కపెట్టారు, డెంగీకి అదొక పరీక్షట. రక్తం తీశారు. ప్లేట్‌లెట్లు అరవై రెండు వేలు. పెద్దమ్మ "సోరో, సోరో" అంటుంటే నాకు సొరకాయ తప్ప ఏం గుర్తు రాలేదు, చివరికి నర్సు సెలైన్ సీసా తెచ్చి తగిలిస్తే అప్పుడర్థమైంది.

మూడు రాత్రులు అక్కడే. జ్వరం తగ్గిన రోజు నేను గండం గడిచిందనుకుంటే, అసలు కనిపెట్టుకుని ఉండాల్సింది ఇప్పుడేనని డాక్టరమ్మ ఫోన్లో అనువాదం చేసి చూపించింది. కడుపునొప్పి, ఆగని వాంతులు వస్తే వెంటనే పిలవమంది. మర్నాటికి ప్లేట్‌లెట్లు నలభై ఎనిమిది వేలు. ఆ పొద్దున నేను వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నాను, రెండ్రోజులుగా నోట్లో మెతుకు లేదు, జడ పిచ్చికలు పెట్టిన గూడులా ఉంది. పెద్దమ్మ ఇంటి దగ్గర్నుంచి వచ్చింది. తన ఇల్లు ఊరి ఆ చివరట, రెండు బస్సులు మారాలి. చేతిలో మూత బిగించిన గిన్నె. మూత తీసి "కాంజా" అంది.

నేను గంజి అని విన్నాను. నిజంగానే, గంజి అంది అనుకున్నాను. గిన్నెలో బియ్యం, కోడిమాంసం మెత్తగా ఉడికించిన జావ, ఒంట్లో బాగోనివాళ్లకి వాళ్లు అదే పెడతారు. మన గంజిని మలయాళంలో కంజి అంటారు, ఆ మాటే పోర్చుగీసువాళ్లు కేరళ తీరంలో విని పట్టుకెళ్లారని తర్వాత చదివాను. ఆ పూట మాత్రం అదేం తెలీదు, మా అమ్మ పోయాక ఎవరూ నాకు గంజి తెచ్చివ్వలేదు, అంతే తెలుసు. భోరుమన్నాను. పడవలో ఏడవలేదు, నలభై ఎనిమిది వేలన్నప్పుడు ఏడవలేదు. ఆవిడ ఏం మాట్లాడకుండా నా వెనక నిలబడి, సంచిలోంచి దువ్వెన తీసి చిక్కు తీసి జడ వేసింది. నేను గంజి తాగుతూ ఏడుస్తూ ఉన్నాను.

డబ్బివ్వబోతే చెయ్యి తోసేసింది. అక్కడ అందరూ పిక్స్ అని ఫోన్లో డబ్బు పంపుకుంటారు, మన యూపీఐ లాంటిదే, కొబ్బరిబోండాల వాడి దగ్గర కూడా ఉంటుంది, కానీ వాళ్ల బ్యాంకు ఖాతా లేక మాకది పని చేయలేదు. కొంత నోట్లు దగ్గర ఉంచుకోండి. సిమ్‌కీ, ఆన్‌లైన్ టికెట్లకీ సీపీఎఫ్ అనే వాళ్ల గుర్తింపు నంబరు అడుగుతూనే ఉంటారు, విదేశీయులు కూడా తీసుకోవచ్చు, వెళ్లేముందే తీసుకుంటే మంచిది. అది లేక నేను సిమ్ కొట్టులో నిలబడిపోతే ఆవిడే వచ్చి తన నంబరు మీద ఇప్పించింది. ముక్కూ మొహం తెలియని మనిషికి మన ఆధార్ మీద సిమ్ ఇప్పిస్తామా? నేనైతే ఇప్పించను.

ఇంటికి పంపే రోజు బిల్లు ఎక్కడ కట్టాలని అడిగితే కౌంటర్లో అమ్మాయి నవ్వింది. అక్కడ సూస్ అనే ప్రజావైద్య వ్యవస్థ ఉంది, 1988లో రాజ్యాంగంలో రాసుకున్న హక్కు, పరాయి దేశస్థులకి కూడా ఉచితం. పాస్‌పోర్టు చూశారు, అంతే. ఇక్కడ మాత్రం నేను తెగ డబ్బు పోసి కొన్న ప్రయాణ బీమా కంపెనీ ఏం చేసిందో చెప్పకుండా ఉండలేను. రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే నలభై నిమిషాలు పాట వినిపించి, మీరున్న ఆసుపత్రి మా జాబితాలో లేదు, ఉన్నచోటికి తీసుకెళ్లండి అన్నారు. అదెక్కడయ్యా అంటే విమానం ఎక్కాలి! సెలైన్‌తో ఉన్న మనిషిని విమానం ఎక్కించమంటారు. ఇప్పుడు పాడైన టికెట్ల డబ్బుకి, పోర్చుగీసు కాగితాలన్నీ ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదంతో పంపమని మెయిల్. పాలసీలో "24 గంటల సహాయం" అని ఎంత లావు అక్షరాలతో ఉందో. మీరు కొనేముందు వెళ్లే ఊళ్లో జాబితా ఆసుపత్రి ఉందో లేదో అడగండి, రాతపూర్వకంగా తీసుకోండి.

ఎల్లో ఫీవర్ టీకా మర్చిపోకండి. బ్రెజిల్ నుంచి వచ్చేవాళ్ల దగ్గర మన విమానాశ్రయంలో ఆ టీకా వేయించుకున్నట్టు పసుపు కార్డు అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది, అన్ని ఆసుపత్రుల్లోనూ వేయరు, మేం మూడుసార్లు తిరిగాం. డెంగీ దోమ పగలు కుడుతుంది, దోమల క్రీము పొద్దున్నే రాసుకోండి, మేం రాత్రి మాత్రమే రాసుకున్నాం తెలివైనవాళ్లం. భాష అనువాదం యాప్‌లో పోర్చుగీసు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, నది మీద నెట్ ఉండదు.

అయ్యో, ఇంకా చాలామంది ఉన్నారు. సావో పాలోలో ఉండే తెలుగబ్బాయి, ఎవరో స్నేహితుల స్నేహితుడు, అర్ధరాత్రుళ్లు ఫోన్లో డాక్టరమ్మ మాటలు అనువాదం చేసి చెప్పాడు, వాడి మొహం కూడా నేను చూడలేదు. ట్యాక్సీ డ్రైవరు మీటరు చూపించి సగమే తీసుకున్నాడు. పడవలో వంటమనిషి అడక్కుండానే వేడినీళ్లు ఇచ్చింది. పక్క మంచం తాతగారి కొడుకు చార్జరు ఇచ్చాడు, అది తిరిగి ఇచ్చానో లేదో, సంచిలో వెతకాలి. రాత్రి డ్యూటీ నర్సుల్లో కళ్లజోడు అమ్మాయి. మా వీధి మందులషాపు ఆయన ఈ లోపల మా కుక్కకి అన్నం పెట్టాడు, ఆయన సంగతి ఇప్పుడే గుర్తొచ్చింది, రేపు వెళ్తాను.

మా ఊయలలు రెండూ పెద్దమ్మ ఇంట్లోనే ఉన్నాయి. సూట్‌కేసులో పట్టలేదు. వరండాలో కట్టి ఫోటో పంపింది, ఈసారి ముడి నేను చూసి నేర్చుకోవాలని దగ్గరగా తీసింది.