అత్త పాడిందిరా

బసవనగుడి, బెంగళూరు
ఆదివారం రాత్రి

ఒరేయ్ పంతులూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. జవాబు రాయనందుకు నువ్వు అలిగి ఉంటావని తెలుసు, క్షమించరా. ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను. అబ్బాయి పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. మా ఆఫీసు వైట్‌ఫీల్డ్‌కి మారింది, మెట్రోలో రానూపోనూ రెండున్నర గంటలు. నాన్నకి షుగర్ అదుపులో ఉంది. నీ చెల్లెలు కులాసా, నువ్వు పంపిన పనసపొట్టు చేరిందని రాయమంది. అయ్యాయి.

అత్త పాడిందిరా!

మా విజయనగరం అత్తే. తాతగారి గ్రామఫోనుకి నువ్వు కీ ఇచ్చీ ఇచ్చీ స్ప్రింగు తెంపిన రోజు, "నేనే తెంపాను నాన్నా" అని తప్పు తన మీద వేసుకుందే, ఆ అత్త. ఆ 'టంగ్' శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నీ చెవుల్లోనూ ఉండే ఉంటుంది. ఆవిడకిప్పుడు ఎనభై ఒకటి. మోకాలి ఆపరేషన్ అయ్యాక మా దగ్గరికే తెచ్చేసుకున్నామని కిందటి ఉత్తరంలో రాశాను కదా. ఎనిమిది నెలలయింది. ఈ ఎనిమిది నెలల్లో ఆవిడ నోట ఒక కూనిరాగం కూడా మేం వినలేదు. ఆ మాటకొస్తే మన చిన్నప్పుడు మాత్రం విన్నామా? బాగా ఆలోచించి చెప్పు. దేవుడి గదిలో కూడా పెదాలు కదిలేవి గానీ గొంతు బయటికి వచ్చేది కాదు.

మొదటి నుంచీ చెప్తాను, లేకపోతే నీకు అందదు.

మా ఇంట్లో నెలకో శనివారం రికార్డుల రాత్రి జరుపుకుంటున్నామని తెలుసు కదా. నియమం ఒక్కటే. ఎవరికి వారు ఒక్క రికార్డు తెచ్చి, ఒక్క వైపే వేసి, అదెందుకు ఇష్టమో చెప్పాలి. పై వాటాలో ఉండే వీణ టీచరుగారు, ఎదురింటి కన్నడ మాస్టారు, మల్లేశ్వరం నుంచి వచ్చే ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు, మొత్తం పదిమందికి మించం. ఆ కుర్రాళ్లు కోరమంగళలో ఏదో బ్యాండులో గిటారు వాయిస్తారు. పోయిన నెల వాళ్ల కచేరీకి వెళ్లాను. చెవులు గింగిర్లెత్తాయి గానీ, ఆ బేస్ గిటారు కుర్రాడి చేతిలో లయ ఉందిరా, నిజంగా ఉంది. దాని గురించి విడిగా రాస్తాను.

ఈసారి సాయంత్రం ఏడింటికే వాన. ఏప్రిల్‌లో ఇక్కడ పడే వాన నీకు తెలీదు, ఆకాశం చిల్లుపడ్డట్టు గంటసేపు కురిసి ఆగిపోతుంది. కరెంటు పోయింది. వచ్చినవాళ్లంతా చీకట్లో కూర్చున్నారు, నా ప్లేయరేమో కరెంటుది. అప్పుడు నాన్నే అన్నాడు, "అటక మీద మా నాన్నది ఉందిగా, దింపు" అని. నువ్వు తెంపిన స్ప్రింగు పదేళ్ల కిందటే మార్పించాను. దింపి, దుమ్ము తుడిచి, కీ ఇచ్చాను. మరి వెయ్యడానికి ప్లేట్లు? చిక్‌పేట దగ్గర ఆదివారం బజారులో మూడొందలకి కట్టగట్టి ఇచ్చిన పాతవి కొన్ని ఉన్నాయి. ఇంకా విననే లేదు. అందులో ఒకదాని లేబుల్ పూర్తిగా చిరిగిపోయింది, ఎవరు పాడారో, ఏం పాడారో తెలియదు. అదే వేశాను.

ఆడగొంతు. త్యాగరాజ కృతి, ఖరహరప్రియ రాగం. కానీ గొంతు సన్నగా, పిచ్చుక అరిచినట్టుంది. మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. కుర్రాళ్లు నవ్వు ఆపుకుంటున్నారు. వీణ టీచరుగారు ఫోనులో తంబూరా పెట్టి చూసి, "దాదాపు ఆరు శ్రుతిలో ఉంది. ఆ రోజుల్లో మైకు లేదు, ఆడవాళ్లు ఎత్తు శ్రుతిలోనే పాడేవారు" అన్నారు. అదీ నిజమే కదా, అందరం తలూపాం.

లోపలి గదిలోంచి అత్త కేక వేసింది. "ఏటిరా అది? ఆవిడనెందుకలా పరుగెత్తిస్తన్నారు?"

కర్ర పట్టుకుని, గోడ పట్టుకుని, హాల్లోకి వచ్చింది. నా చేతిలో కొవ్వొత్తి. "మళ్లీ వెయ్యి" అంది. ముల్లు మార్చి మళ్లీ వేశాను. నీకు గుర్తుందా, తాతగారు ఒక్కో ప్లేటుకి ఒక్కో ముల్లు మార్చేవారు, మనం పారేసిన ముళ్లు ఏరుకుని గోళీల డబ్బాలో దాచుకునేవాళ్లం. ప్లేటు లక్కతో, రాతిపొడితో చేసింది కదా, అది ముల్లునే అరగదీస్తుంది.

అత్త కళ్లు మూసుకుని పల్లవి విని, చెయ్యెత్తి "ఆపు" అంది. "గాంధారం విన్నారా? ఖరహరప్రియ గాంధారం ఊయల్లా ఊగాలి. ఇక్కడ చలి పట్టినట్టు వణుకుతోంది. మనిషి గొంతు అంత జోరుగా ఊగదు. ఆవిడ పాడింది ఆరులో కాదు, ఐదులో. మీరు తిప్పడమే తప్పు."

టీచరుగారు మర్యాదగానే అడ్డుచెప్పారు, "అమ్మా, ఇవి 78 రికార్డులండీ, నిమిషానికి 78 చుట్లే తిరగాలి" అని. నిజానికి ఇక్కడ అత్తదే పైచేయి. తొలి రోజుల్లో అన్నీ కచ్చితంగా 78లో చేసేవారు కాదు. 1925 ప్రాంతంలో కరెంటు రికార్డింగు, మైకు వచ్చేదాకా బూరాలోకి నోరు పెట్టి పాడటమే. రికార్డు చేసే మైనపు పలక తిరిగే వేగం ఒక్కోచోట ఒక్కోలా ఉండేది. ఇది నేను చదివి తెలుసుకున్నది. అత్త ఏమీ చదవలేదు, ఒక్క గాంధారం వింది.

గ్రామఫోను పళ్లెం పక్కన వేగం తగ్గించే చిన్న మీట ఉంది చూడు, దాన్ని ముట్టుకుంటే తాతగారు చెయ్యి విరగ్గొడతాననేవారు. అత్త నా చేత ఆ మీట జరిపించింది. లోపల గిర్రున తిరిగే మూడు చిన్న గుండ్ల దగ్గర బిళ్లకి తోలుముక్క రాసుకుంటుంది, పళ్లెం నెమ్మదిస్తుంది. "ఇంకొంచెం... ఇంకొంచెం... అతి చెయ్యకు, వెనక్కి రా." టీచరుగారు ఫోనులో తంబూరాని ఐదుకి మార్చారు. నేను వెంట్రుకవాసి చొప్పున జరుపుతున్నాను. పంతులూ, ఆ గొంతు మారడం నువ్వు వినాల్సిందిరా. పిచ్చుక గొంతు కాస్తా చిన్నపిల్ల గొంతైంది, తర్వాత పడుచుపిల్ల గొంతైంది, చివరికి ముప్ఫై ఐదేళ్ల ఆవిడ, ముక్కుపుడక పెట్టుకుని కూర్చుని పాడుతున్నట్టు, నిండుగా మా హాల్లో నిలబడింది. తంబూరాలో కలిసిపోయింది. కుర్రాళ్ల నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో కూడా తెలియలేదు.

అబ్బాయి లేబుల్ ఉండాల్సిన చోట చిన్న కాగితం ముక్క అంటించి, ఫోనులో నిమిషం పెట్టుకుని చుట్లు లెక్కపెట్టాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు. 70.

నాకు ఒళ్లు ఝల్లుమంది. ఆవిడ ఎవరో గానీ, వందేళ్లకు పైగా ఎవరో ఒకరు ఆవిడని పరుగెత్తిస్తూనే ఉండి ఉంటారు కదరా.

ఇంకోటి. పాట అయ్యాక ఆవిడ ఏదో మాట అంటుంది. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ రికార్డుకి పాడిన రోజుల నుంచీ, పాట చివర తమ పేరు తామే చెప్పడం ఉండేది. అప్పట్లో ప్లేట్లు జర్మనీలో హానోవర్‌లో అచ్చయ్యేవి, ఏ పలక ఎవరిదో అక్కడివాళ్లకి తెలియాలి కదా. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ వచ్చేదాకా అంతే. మా ప్లేటులోని ఆవిడ కూడా చెప్పింది, కానీ సరిగ్గా పేరు దగ్గరే ప్లేటు పగులు. 'టక్... టక్' అంటుంది, పేరులో చివరి అక్షరం 'మ' ఒక్కటే వినిపిస్తుంది. నేను ఇరవైసార్లయినా విన్నాను. 'మ'. అంతే.

అసలు చెప్పాల్సింది ఇప్పుడు వస్తోంది.

ప్లేటుకి ఒక వైపు మూడు నిమిషాలే కదా. నెమ్మదిగా తిప్పితే మరో ఇరవై సెకన్లు కలిసొచ్చాయి. అయినా పల్లవి, అనుపల్లవి, కాసిని సంగతులు, అంతలోనే అయిపోయింది. చరణం లేదు. ముల్లు చివరి గాడిలో గరగరమంటోంది. ఫోనులో తంబూరా ఆపడం అందరూ మరిచిపోయారు. వాన చప్పుడు. అప్పుడు అత్త, కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది కూర్చున్నట్టే, చరణం ఎత్తుకుంది.

పెద్ద గొంతు కాదు. మొదటి మాట సగం గాలే. రెండో మాటకి గొంతు దొరికింది. గాంధారం దగ్గర ఆగి, మాకు చూపించడానికన్నట్టు ఊపింది, ఊయల్లా, చెప్పినట్టే. పైషడ్జం దగ్గర గొంతు చీలింది. ఆగలేదు, ఆ ముక్క కింది స్థాయిలో తీసుకుని ముందుకెళ్లిపోయింది. త్యాగరాజ ముద్ర వచ్చేదాకా పాడి, తిరిగి పల్లవికొచ్చి ముగించింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. టీచరుగారు లేచి వచ్చి అత్త కాళ్ల దగ్గర కూర్చున్నారు. అత్త నావైపు తిరిగి, "పాలు తోడుపెట్టారా లేదా?" అంది.

నాన్న తొడ మీద తాళం వేస్తున్నాడు. పాట అయిపోయినా వేస్తున్నాడు. అప్పుడు అర్థమైంది, ఆయనకి తెలుసు! అడిగితే చెప్పాడు. అత్త విజయనగరం సంగీత కళాశాలలో రెండేళ్లు చదివిందట. మన కోట దగ్గరి మహారాజా సంగీత కాలేజీయేరా, ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాలుగా, తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు ప్రిన్సిపాలుగా ఉన్నది. ఘంటసాల చదివినదీ, సుశీల చదివినదీ అక్కడే. పదమూడేళ్ల నాన్న రోజూ సాయంత్రం వెళ్లి అక్కని ఇంటికి తీసుకొచ్చేవాడట. పెళ్లి కుదిరింది, మానేసింది. అంతే. "అత్తవారింట్లో ఇష్టపడలేదా?" అంటే నాన్న "ఎవరూ వద్దనలేదు, ఎవరూ అడగనూ లేదు" అన్నాడు.

నాకు నాన్న మీద కోపం వచ్చిందిరా. ఇన్నేళ్లు ఒక్క మాట చెప్పలేదే! మన సెలవులన్నీ ఆ ఇంట్లోనే కదా గడిచాయి. మామిడికాయ తొక్కు పెట్టించుకున్నాం, కథలు చెప్పించుకున్నాం, నీ తప్పు మొయ్యించాం... పాట పాడమని మనలో ఒక్కడైనా అడిగాడా? ఎనిమిది నెలలుగా ఆవిడ గదిలో టీవీ పెట్టి, బాగానే చూసుకుంటున్నామనుకున్నాను. పక్క హాల్లో నెలనెలా పాటలు పెట్టుకుంటూ, "నువ్వూ రా అత్తా" అని పిలవాలన్న ఆలోచనే... సరే, దీని గురించి ఇప్పుడు రాయలేను.

మర్నాడు పాడమంటే పాడలేదు. ఫోను పట్టుకుని వెళ్తే కసిరింది. మంగళవారం మాత్రం చామరాజపేట కోట హైస్కూలు మైదానానికి తీసుకెళ్లాను. శ్రీరామ సేవా మండలి శ్రీరామనవమి కచేరీలు, 1939 నుంచి జరుగుతున్నవి, ఇంకా నడుస్తున్నాయి. చక్రాల కుర్చీలో ముందు వరసకి పక్కగా కూర్చోబెట్టాం. ఇక్కడ మన వడపప్పునే కోసంబరి అంటారు, దోసకాయ ముక్కలు కలిపి పోపు పెడతారు. "పోపెందుకు దీనికి?" అంటూనే రెండు దొన్నెలు తింది. పానకం రెండుసార్లు అడిగింది. కచేరీ అంతా తాళం తప్పకుండా వేసింది, మధ్యలో ఒకసారి మాత్రం నా మోచెయ్యి నొక్కి, "విన్నావా?" అంది. నేను వినలేదు. ఏదో గమకం జారిపోయింది నాకు. మళ్లీ అడగడానికి సిగ్గేసి, విన్నానన్నాను.

నీతో రెండు పనులున్నాయి. నువ్వు రోజూ కోట మీదుగానే వెళ్తావు కదా, ఆ కాలేజీ ముందు ఆగి గేటు, మెట్లు, చెట్టేమైనా ఉంటే అదీ ఫొటో తీసి పంపు. మెట్ల దగ్గర కూర్చుని సాధన చేసేవాళ్లమని నిన్న అన్నం తింటూ తనంతట తనే అంది. ఆ మాట తర్వాత మళ్లీ నోరు మెదపలేదు. అడగకూడదని నేనూ అడగలేదు. ఫొటో చూస్తే తనే చెప్తుందేమో. రెండోది, ఈ నెలాఖరుకి నువ్వే రారా. వచ్చే శనివారం ప్లేటు వెనక వైపు వేస్తానని అత్తకి మాటిచ్చాను. అందులో ఒక జావళి ఉన్నట్టుంది, ఎత్తుగడ ఒక్కటే విన్నాం. అది కూడా 70లోనే ఉంటుందా, వేరే వేగమా, ఆవిడ చెవికే తెలియాలి. స్ప్రింగు సంగతి అడిగాను, నిన్ను ఇంకా "ఆ కీ కుర్రాడు" అనే అంటోంది. నీకు...

ఆగు, పిలుస్తోంది. హాల్లో గ్రామఫోను మూత తీసిన చప్పుడైంది. పదిన్నరవుతోంది, ఈ టైములో... నే వెళ్లి చూస్తాను. రేపు పొద్దున్నే ఇది పోస్టులో పడాలి.

నీ
తంబూరా