సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఉండి కూడా మోటారు కాలింది

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ ఆటో స్టార్టర్ ప్యానెల్ ఆపాల్సిన టైములో ఆపక 7.5 హెచ్‌పీ బోరు మోటారు కాలిపోవడం గురించి.

అయ్యా,

మాది చిత్తూరు జిల్లా పెనుమూరు మండలం. మూడెకరాల మామిడి, ఎకరా చెరుకు, అన్నిటికీ ఒకటే బోరు. ఎనిమిది నెలల కింద చిత్తూరులో మీ ప్యానెల్ కొన్నాను. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఉంది, మోటారుకు పూర్తి రక్షణ అని డబ్బా మీద చూసే కొన్నాను. లేకుంటే పాత స్టార్టర్‌కు ఏం రోగమొచ్చిందని?

పోయిన నెల 14న పగలు పదకొండప్పుడు మా ఆవిడ ఫోన్ చేసింది, నీళ్లు సన్నగా వస్తున్నాయని. నేను పోయేసరికి పావుగంట పట్టింది. బోరు పైపు మీద చెయ్యి పెడితే అదురుతోంది. రోజూ 14 ఆంపియర్ల దగ్గర నిలబడే కరెంటు మీటరు ముల్లు 25 దాటి ఉంది. ప్యానెల్ మీద ఫేజుకొకటిగా ఉండే ఎరుపు, పసుపు, నీలం లైట్లు మూడూ ఏమీ ఎరగనట్టు వెలుగుతున్నాయి. బటన్ నొక్కి ఆపాను. మోటారు ఆగిందో లేదో నీలం లైటు ఆరిపోయింది. మళ్లీ స్టార్ట్ చేయబోతే అప్పుడు మీ ప్రివెంటర్‌కు తెలివొచ్చి, కానివ్వలేదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర చూస్తే ఒక ఫ్యూజు వైరు పోయి ఉంది. దాని కింద మూడే సర్వీసులు, ఆ రోజు ఆడుతున్నది మాదొక్కటే.

ఫ్యూజు పోవడం మాకు కొత్త కాదు. ఆగి ఉన్న మోటారు రెండు ఫేజుల మీద స్టార్ట్ కాదు, ఊరికే గుర్రుమంటుంది. తిరుగుతున్న మోటారు మాత్రం ఆగదు. మిగిలిన రెండు ఫేజుల్లోంచే కరెంటు లాగుతుంది, మామూలుకు 1.73 రెట్లు, లోడును బట్టి ఇంకా ఎక్కువ. పైగా తిరుగుతూనే, పోయిన ఫేజులో తానే వోల్టేజీ పుట్టిస్తుంది. మీ ప్రివెంటర్ వోల్టేజీ ఒక్కటే చూసే రకం. అందుకే మోసపోయింది. వైర్ల మీద సీటీలు (కరెంటు కొలిచే చుట్టలు) పెట్టి కరెంటు తేడా చూసే రకం అయ్యుంటే మోటారును ఆపేసేది. ఈ సంగతి ప్యానెల్ అమ్మేవాళ్లకు తెలియదంటే నేను నమ్మను.

మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే, బోరులో నీళ్లు తగ్గి డ్రై రన్ అయ్యుంటుంది, వారంటీ రాదు అన్నారు. నీళ్లు లేకుండా తిరిగితే లోడు తగ్గి ముల్లు కిందికి దిగుతుంది కదా, 25కు ఎట్లా ఎక్కుతుంది? ఇంకోసారి చేస్తే, పోయిన ఫేజుకు బదులు కండెన్సర్ పెట్టి రెండు ఫేజుల మీద ఆడించారా అని అడిగారు. మా ప్యానెల్‌లో కండెన్సర్ లేదు, ఫొటోలు జతచేశాను.

720 అడుగుల నుంచి మోటారు పైకి లేపి విప్పితే లోపలి నీళ్లు నల్లగా కారాయి. రెండు ఫేజుల వైరు మీది ప్లాస్టిక్ కరిగి ముద్దకట్టింది. మూడోది కొత్త వైరులా ఉంది. మాది స్టార్ కనెక్షన్ మోటారు, ఒక ఫేజు పోతే మిగిలిన రెండు ఫేజుల వైరే కాలుతుంది. లోడు ఎక్కువై కాలితే మూడూ కాలాలి. "ఇది ఫేజు పోయిన కేసే, ఇంక చూడాల్సిందేం లేదు" అన్నాడు మెకానిక్.

ఇంకో మాట. కరెంటు హద్దు దాటితే మోటారును ఆపేది ఓవర్‌లోడ్ రిలే, కొంచెమే దాటితే చాలా ఆలస్యంగా ఆపుతుంది. 14 ఆంపియర్ల మోటారుకు దాన్ని 20 మీద పెట్టి పోయింది మీ టెక్నీషియనే. ఊరికే ట్రిప్ అవుతుంటే మీకే ఇబ్బంది అన్నాడు. నేనూ సరేనన్నాను, ఆ తప్పు నాదీ ఉంది. కానీ రిలే తిప్పడం తెలిసినవాడు ఆయన, నేను కాదు.

వైండింగ్‌కు 9,500, లేపి దించడానికి 6,000, మొత్తం 15,500 రూపాయలు, బిల్లులు జతచేశాను. ఆ డబ్బు ఇవ్వాలి, ప్యానెల్‌లో కరెంటు చూసే ప్రివెంటర్ బిగించాలి. నీళ్లు లేక ఎండిన చెరుకు లెక్క నేను అడగడం లేదు. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద చిత్తూరు జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. 5 లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదట.

కాలిన వైరు గోనెసంచిలో కట్టి పెట్టాను. చూడాలనుకుంటే మీ మనిషిని పంపండి. త్రీ ఫేజు ఉండే టైములో వస్తే, ఫ్యూజు తీసి ప్యానెల్ ఏం చేస్తుందో ఆయన ముందే చూపిస్తాను, మోటారు మాత్రం ఆయనే తెచ్చుకోవాలి.

ఇట్లు,
పెనుమూరు మండల రైతు