మంత్రి గారూ, మా బోటులో డబ్బాలకి ఒకదానితో ఒకదానికి మాటల్లేవు

మత్స్యశాఖ మంత్రి గారికి,

విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి ఒక బోటు ఓనరు నమస్కారాలు. ఇది మూడో అర్జీ. మొదటి రెండూ ఆఫీసులో ఇస్తే ‘పైకి పంపాం’ అన్నారు. ఆ పై ఎక్కడుందో తెలియక ఇలా అందరి ముందూ రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

సబ్సిడీలో వచ్చిన సామాను గురించే నా గోల. ప్లాటర్, అంటే బోటు ఎక్కడుందో మ్యాపు మీద చూపించే తెర, ఒక కంపెనీది. వీహెచ్‌ఎఫ్ సెట్టు, అంటే మిగతా బోట్లతో మాట్లాడే రేడియో, ఇంకో కంపెనీది. రెండూ ఒకే చెక్క మీద జానెడు దూరంలో ఎడమొహం పెడమొహంగా కూర్చున్నాయి. బోటు ఎక్కడుందో ప్లాటర్‌కి తెలుసు, సెట్టుకి తెలీదు, రాత్రంతా ‘నో పొజిషన్’ అని మెరుస్తుంటుంది. తెలియకపోతే ఏం అంటారా? ఆపదలో సెట్టు మీది ఎర్ర బటన్ నొక్కితే 70వ రేడియో ఛానెల్లో ప్రమాదంలో ఉన్నామని కబురు పోతుంది, ఎక్కడున్నామో మాత్రం పోదు.

మొన్న ఫిబ్రవరిలో అదే జరిగింది. అర్ధరాత్రి ఇంజను ఆగి బోటులోకి నీళ్లొస్తుంటే మా డ్రైవర్ బటన్ నొక్కాడు, చివరికి ప్లాటర్ చూస్తూ నోటితోనే అంకెలు చదవాల్సి వచ్చింది. అక్షాంశం పదిహేడు డిగ్రీల పదిహేడు నిమిషాలు అంటే ఆ గాలి హోరులో అవతలి బోటుకి పదిహేను అని వినపడింది. రెండు నిమిషాల తేడా అంటే రెండు నాటికల్ మైళ్లండీ. గంటన్నర వేరే చోట వెతికారు. కళాసీలు నీళ్లు తోడుతూనే ఉన్నారు. ఉపగ్రహం ద్వారా కబురు పంపే ట్రాన్స్‌పాండర్ ఇచ్చాం కదా అంటారేమో, మంచిదే, అది ఒడ్డుకి చెబుతుంది, కానీ ఆ వేళప్పుడు మా దగ్గరికి ముందు రాగలిగేది పక్కన వల లాగుతున్న బోటే కదా.

మెకానిక్‌ని పిలిస్తే పచ్చ వైరూ గోధుమ రంగు వైరూ మెలేసి టేపు చుట్టి వెళ్లాడు, పది రోజులకే ఉప్పుగాలికి చిలుము పట్టింది. (పట్టకపోయినా పని చేసేది కాదులెండి.) బోటు సామాన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాషలు రెండున్నాయి: ప్లాటర్ పంపేది ఎన్‌ఎంఈఏ 2000, సెట్టు వినేది పాత ఎన్‌ఎంఈఏ 0183. మధ్యలో ఒక భాషని ఇంకో భాషలోకి మార్చే కన్వర్టర్ డబ్బా లేకపోతే ఎన్ని వైర్లు ముడేసినా దండగే, సబ్సిడీ లిస్టులో ఆ డబ్బానే లేదు! పక్క బోటాయనవి రెండూ 0183వే, అయినా ఒకటి 4800 స్పీడులో పంపుతుంటే రెండోది 38400లో వినడానికి కూర్చుంది. వైర్ల రంగులు ఏ కంపెనీవి వాళ్లవే. ఫోన్ చేస్తే తప్పు అవతలి కంపెనీదే అంటారు, ఇద్దరూ.

అయ్యా, వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది. ఈలోగా ఆ కన్వర్టర్లు ఇప్పించండి, లేదా ఇకమీదట ఒకదానితో ఒకటి కలిసే సామానే కొనండి, అదీ కాదంటే ఏ వైరు దేనికో తెలుగులో ఒక కాగితమైనా ఇప్పించండి. ఏదో ఒకటి చేయండి. బోటు జెట్టీకే కట్టి ఉంది, ఎవరినైనా పంపితే ఎక్కించి చూపిస్తాను.

ఇట్లు,
ఒక బోటు ఓనరు, విశాఖపట్నం