పెరుగు డబ్బా వెనకవైపు చదవండి

సంపాదకులకు,

బరువు తగ్గాలనుకునేవాళ్లు ఇంట్లో పెరుగు మానేసి యోగర్ట్ కప్పులు కొంటున్నారు. బెంగళూరు సూపర్‌మార్కెట్లలో మూతమీద 'లో ఫ్యాట్' అని కనిపిస్తే చాలు, చెయ్యి అటే పోతుంది. దేశంలో ఆహార ప్రమాణాలు నిర్ణయించే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనల ప్రకారం ఘనపదార్థానికి ఆ మాట వాడాలంటే 100 గ్రాములకు కొవ్వు 3 గ్రాములు మించకూడదు. టోన్డ్ పాలలో ఉండేదే 3 శాతం. రోజూ గుమ్మం ముందుకొచ్చే నందిని టోన్డ్ పాల నీలం ప్యాకెట్‌ను తోడుపెట్టినా ఇంచుమించు అంతే కొవ్వన్నమాట. ఆ కప్పులకు అంత ధర పోయడం దేనికి?

అసలు చూడాల్సింది చక్కెర. చప్పటి పెరుగులో కూడా 100 గ్రాములకు 4, 5 గ్రాములు ఉంటుంది, అది పాలదే, భయం లేదు. లేబుల్‌లో 'యాడెడ్ షుగర్స్' అని వేరే వరస ఉంటుంది, అక్కడ సున్నా ఉన్నదే తీసుకోండి. మామిడి, స్ట్రాబెర్రీ కప్పులో ఆ వరసలో 10 గ్రాములుంటే రెండు చెంచాలు దాటిన పంచదార, 40 కేలరీలు. అంకెలు 100 గ్రాములకా, ఒక వడ్డనకా అన్నది కూడా చూసుకోవాలి. 'ప్రోబయోటిక్' (మేలుచేసే బ్యాక్టీరియా ఉన్నది) అన్న మాటకూ కేలరీలకూ సంబంధం లేదు.

గ్రీక్ యోగర్ట్ నిజంగా వడకట్టిందైతే మంచిదే. మామూలు పెరుగులో ప్రోటీన్ 3, 4 గ్రాములైతే అందులో 8 నుంచి 10 దాకా ఉంటుంది, కడుపు నిండినట్టుంటుంది. పదార్థాల జాబితాలో స్టార్చ్, జెలటిన్ కనిపిస్తే ఆ చిక్కదనం అంతా వడకట్టడంవల్ల వచ్చింది కాదు. ఇంట్లోనే అర లీటరు పెరుగును నూలుగుడ్డలో కట్టి, ఫ్రిజ్‌లో నాలుగు గంటలు వేలాడదీస్తే దాదాపు సగానికి దిగుతుంది. చాలామంది మరిచేదొకటుంది: నీరు పోయాక ప్రోటీన్‌తోపాటు కొవ్వూ చిక్కబడుతుంది. టోన్డ్ పాల పెరుగైతే 6 శాతం దగ్గరికి చేరుతుంది. అందుకే వడకట్టడానికి 1.5 శాతం కొవ్వున్న డబుల్ టోన్డ్ పాలే వాడాలి. కారిన తేటతో చపాతీ పిండి కలుపుకోవచ్చు.

డబుల్ టోన్డ్ పెరుగు నీళ్లగా వస్తుందని వదిలేసేవాళ్లున్నారు. పాలు పొంగాక సన్నమంట మీద మరో పది నిమిషాలు మరగనివ్వాలి. ఆ వేడికి పాలలోని తేట ప్రోటీన్లు కేసిన్ అనే ప్రధాన పాల ప్రోటీన్‌కు అతుక్కుని పెరుగు గట్టిగా తోడుకుంటుంది. అర లీటరుకు రెండు పెద్ద చెంచాల వెన్నతీసిన పాలపొడి కలిపితే ఇంకా మేలు, కేలరీలు కాస్త పెరుగుతాయి. వేలు పెడితే గోరువెచ్చగా, అంటే 40 డిగ్రీల దగ్గర, ఒక చెంచా తోడు చాలు. పాలు మరీ వేడిగా ఉంటే తోడు చచ్చిపోతుంది, తోడు మరీ ఎక్కువైతే పులిసి నీళ్లు వదులుతుంది. ఇక్కడి డిసెంబరు చలికి గిన్నెను హాట్‌బాక్స్‌లో పెట్టడం తప్పదు.

ఇంతా చేసి, పెరుగన్నంలో అన్నం రెండు కప్పులు పెట్టుకుంటే ఈ లెక్కలు ఎందుకూ పనికిరావు. ఉడికిన అన్నం ఒక కప్పే సుమారు 200 కేలరీలు, 100 గ్రాముల టోన్డ్ పెరుగు 60.

కలిపిన చక్కెర ఎంతో డబ్బా ముందువైపే, పేరంత పెద్ద అక్షరాల్లో వేయించాలని అధికారులను కోరుతున్నాం.

– పోషకాహార సలహాదారులు, మల్లేశ్వరం, బెంగళూరు