లూథర్ ఒక్కడి వల్లే చర్చి చీలిందా?

ఎడిటర్ గారికి నమస్కారం,

క్యాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు ఎందుకు విడిపోయారని మొన్న మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివానండి, బానే ఉంది గానీ 1517లో జర్మన్ సన్యాసి మార్టిన్ లూథర్ 95 వాదనలు రాసేసరికి చర్చి రెండు ముక్కలైపోయినట్టు రాశారు. మరి డబ్బు సంగతేదీ?

జర్మనీలో ఆల్బ్రెక్ట్ అని ఒకాయన, అప్పటికే మాగ్డెబర్గ్ ఆర్చ్‌బిషప్, అది చాలక మైన్జ్ పదవి కూడా కావాలన్నాడు, రూల్స్ ఒప్పుకోవు కాబట్టి రోమ్‌కి బోలెడు కట్టాల్సొచ్చి ఫగ్గర్లనే బ్యాంకర్ల కుటుంబం దగ్గర అప్పు చేశాడు. పోప్ పదో లియో పాపపరిహార పత్రాలు (పాపాల శిక్ష తగ్గుతుందని చర్చి ఇచ్చే కాగితాలు) అమ్ముకోమన్నాడు, సగం రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చి కట్టడానికి, సగం ఆ అప్పుకి. టెట్జెల్ అనే ఫాదర్ ఊరూరా అమ్ముతుంటే ఫగ్గర్ల మనుషులు పక్కనే ఉండి లెక్క చూసుకునేవాళ్ళు, కొనే జనానికి మాత్రం చచ్చిపోయిన మీ అమ్మానాన్నలు ఉత్తరించు స్థలం (పరలోకానికి ముందు ఆత్మలు శుద్ధి అయ్యే చోటు) నుంచి బయటపడతారని చెప్పారు! లూథర్ వాదనలు రాసింది ఈ అమ్మకం మీదే.

చర్చి తప్పుల్ని యాన్ హుస్ అనే చెక్ ఫాదర్ అంతకు నూరేళ్ళ ముందే నిలదీశాడు, 1415లో బతికుండగానే కాల్చేశారు. లూథర్ బతికాడంటే సాక్సనీ పాలకుడు ఫ్రెడరిక్ 1521లో కోటలో దాచబట్టే (అచ్చుయంత్రం కలిసొచ్చింది, కాదనను). ఇంగ్లండ్‌లో ఎనిమిదో హెన్రీ అయితే 1534లో చర్చికి నేనే పెద్దనని, 1540 కల్లా మఠాలన్నీ మూయించి ఆస్తులు లాగేసుకున్నాడు, నమ్మకాల్లో మాత్రం చాలావరకు పాత క్యాథలిక్కే.

నష్టపోయింది మామూలు జనం. 1555 ఆగ్స్‌బర్గ్ ఒప్పందంతో జర్మనీలో రాజుది ఏ మతమో ప్రజలదీ అదే, నచ్చకపోతే మూటాముల్లె సర్దుకోవాలి. 1618 నుంచి 1648 దాకా క్యాథలిక్కులకీ ప్రొటెస్టెంట్లకీ యుద్ధం. ఆల్బ్రెక్ట్ ఏలిన ఆ మాగ్డెబర్గే అప్పటికి ప్రొటెస్టెంట్ల ఊరు, 1631లో క్యాథలిక్ సైన్యం చొరబడి దోచుకుంది, ఊరు తగలబడింది, దాదాపు 20 వేల మంది పోయారు. అదే ఏడాది క్యాథలిక్ ఫ్రాన్స్, అదీ ఒక కార్డినల్ (పోప్ తర్వాతి స్థాయి మతగురువు) నడిపే ఫ్రాన్స్, ప్రొటెస్టెంట్ స్వీడన్‌కి డబ్బులిచ్చి యుద్ధం చేయించింది, ఇక ఇది మతం గొడవే అంటే ఎలా నమ్మాలండీ?

విశ్వాసం వల్ల రక్షణా, క్రియల వల్లా అన్న అసలు వాదన మీద 1999లో అదే ఆగ్స్‌బర్గ్‌లో క్యాథలిక్కులు, లూథరన్లు ఉమ్మడి ప్రకటనపై సంతకాలు పెట్టారు, పోప్ అధికారం మాత్రం ఇంకా తేలలేదు. మీ వ్యాసంలో దీనికి ఒక్క లైన్ లేదు, వచ్చే ఆదివారం అయినా వేయండి.

ఇట్లు
మీ పాఠకుడు